ఎవరికీ చెందని ఆబ్జెక్ట్‌లు: గిట్ శుద్ధిపై సంవాదం

గిట్ రిపోజిటరీలో చేరిన డేటా వెంటనే పోదు. ఫైల్‌లోని విషయం బ్లాబ్‌గా, ఫోల్డర్ అమరిక ట్రీగా, ఒక దశలో ప్రాజెక్టు మొత్తం స్థితి కమిట్‌గా, వివరంతో గుర్తుపెట్టిన విడుదల ట్యాగ్‌గా నిలుస్తాయి. ఈ నాలుగు రకాల ఆబ్జెక్ట్‌లే దాని సరుకంతా. లోపలి విషయం నుంచి లెక్కగట్టిన 40 అంకెల ఎస్‌హెచ్‌ఏ-1 సంకేతమే ఒక్కో ఆబ్జెక్ట్‌కు పేరు. అందులో మొదటి రెండు అంకెలతో ఫోల్డర్, మిగిలిన 38తో ఫైల్ ఏర్పడతాయి. విషయం మారితే పేరూ మారుతుంది కాబట్టి ఉన్న ఆబ్జెక్ట్‌ను దిద్దడం అనేదే గిట్‌లో లేదు. దిద్దినట్టు కనిపించిన ప్రతిసారీ పక్కన కొత్తది పుడుతుంది, పాతది అక్కడే పడి ఉంటుంది.

ఇలా పడి ఉండేవి రోజువారీ పనిలోనే పుట్టుకొస్తాయి. కమిట్‌ను అమెండ్ చేస్తే పాత కమిట్ మిగులుతుంది. పది కమిట్‌లను రీబేస్ చేస్తే పాత పదీ మిగులుతాయి. విలీనం కాని బ్రాంచ్‌ను తొలగించినా, స్టాష్‌ను పడేసినా అంతే. ఒక ఫైల్‌ను యాడ్ చేసి, కమిట్ చేయకముందే మళ్లీ మార్చి యాడ్ చేస్తే, మొదటిసారి రాసిన బ్లాబ్‌ను పట్టించుకునేవారు ఉండరు.

వీటిలో ఏది పనికొచ్చేది, ఏది పనికిరానిది అన్నది గిట్ విషయాన్ని చూసి తేల్చదు, దారిని చూసి తేలుస్తుంది. బ్రాంచ్‌లు, ట్యాగ్‌లు, రిమోట్ బ్రాంచ్‌ల గుర్తులు, స్టాష్, ఇండెక్స్, రిఫ్‌లాగ్ - వీటి దగ్గర బయలుదేరి, కమిట్ నుంచి దాని ముందు కమిట్‌కు, కమిట్ నుంచి ట్రీకి, ట్రీ నుంచి బ్లాబ్‌కు నడిచిపోతుంది. ఈ నడకలో తగిలినవన్నీ ఉంటాయి. తగలనివి ‘అందని’ ఆబ్జెక్ట్‌లు. వాటిని ఎప్పుడు పారేయాలన్న దగ్గర, సర్వర్‌ను చూసుకునే నిర్వాహకుడికీ కోడ్ రాసే ప్రోగ్రామర్‌కూ పొసగదు. ఇద్దరి వాదన ఇలా నడుస్తుంది.

నిర్వాహకుడు: ఏ బ్రాంచ్ నుంచీ అందని ఆబ్జెక్ట్ ఎవరి క్లోన్‌లోకీ వెళ్లదండీ. దాన్ని ఎవరూ తెరవరు. కానీ రోజూ రాత్రి బ్యాకప్‌లోకి మాత్రం వెళుతుంది, డిస్క్ మీద చోటు మాత్రం తింటుంది. ‘గిట్ జీసీ --ప్రూన్=నౌ’ ఒక్క ఆదేశం. ఇచ్చేస్తే పోతుంది. ఇందులో ఆలోచించాల్సిందేముంది?

ప్రోగ్రామర్: డిస్క్‌ను తింటున్నది అవేనని ఎలా తేల్చారు? ‘గిట్ కౌంట్-ఆబ్జెక్ట్స్ -వీహెచ్’ ఇచ్చి చూడండి. విడి ఆబ్జెక్ట్‌లు ఎన్నో, వాటి పరిమాణమెంతో, ప్యాక్‌లు ఎన్నో, వాటి పరిమాణమెంతో వేర్వేరుగా చెబుతుంది. విడిగా ఉన్నవన్నీ చెత్త కాదు కదా. ఇవాళ ఉదయం నేను చేసిన కమిట్ కూడా అక్కడ విడిగానే ఉంటుంది.

ఆమె చెప్పింది నిజం. ఈ చర్చలో ఎక్కువమంది తడబడేదీ ఇక్కడే. కొత్త ఆబ్జెక్ట్ మొదట జడ్‌లిబ్‌తో కుదించిన ఒంటరి ఫైల్‌గా పడుతుంది. అవి పోగయ్యాక గిట్ వాటిని ప్యాక్‌ఫైల్‌గా కడుతుంది. ఆ కట్టడంలో ఒకదాన్ని పోలిన మరొకదాన్ని పూర్తిగా రాయకుండా తేడాను మాత్రమే రాస్తుంది. వెయ్యి వరుసల ఫైల్‌లో ఒక్క వరుస మారిన రెండు బ్లాబ్‌లు విడిగా ఉంటే రెండూ పూర్తి బరువుతో ఉంటాయి, ప్యాక్‌లోకి వెళ్తే రెండోది దాదాపు ఆ ఒక్క వరుస బరువే. చాలా రిపోజిటరీల్లో జీసీ తర్వాత తగ్గిన పరిమాణంలో పెద్ద భాగం ఇలా కట్టడం వల్ల వచ్చిందే తప్ప, పారేయడం వల్ల వచ్చింది కాదు. కట్టడం, పారేయడం రెండూ వేర్వేరు పనులు. మొదటిదానిలో ఏ ఆబ్జెక్టూ పోదు, రెండోదానిలో పోయినది తిరిగి రాదు. రెండింటినీ ‘జీసీ’ అనే ఒకే పేరు కింద ఉంచడం వల్లే ఈ సంవాదం సగం పుట్టింది.

నిర్వాహకుడు: గిట్ తనంతట తానే జీసీ నడుపుతుంది కదా. అంటే శుభ్రం చేయడం అవసరమని దాన్ని రాసినవాళ్లే ఒప్పుకున్నట్టు కాదా?

ప్రోగ్రామర్: నడుపుతుంది. కానీ ఎప్పుడు నడపాలన్నది చెత్తను బట్టి కాదు, విడి ఫైళ్ల సంఖ్యను బట్టి చూసుకుంటుంది. మామూలు పరిమితి 6,700. అదీ అన్నింటినీ లెక్కపెట్టి కాదు.

ఆ లెక్క తీరు చూడదగ్గది. ఆబ్జెక్ట్‌ల ఫోల్డర్ కింద రెండంకెల పేర్లతో 256 ఉపఫోల్డర్‌లు ఉండొచ్చు. గిట్ వాటిలో ‘17’ అనే ఒక్కదాన్ని తెరిచి అందులోని ఫైళ్లను లెక్కపెడుతుంది. 27 దాటితే మొత్తం 6,700 దాటిందని అనుకుంటుంది. ఎస్‌హెచ్‌ఏ-1 సంకేతాలు అన్ని ఫోల్డర్‌లలోనూ ఇంచుమించు సమానంగా సర్దుకుంటాయి కాబట్టి ఈ అంచనా పెద్దగా తప్పదు. ప్యాక్‌ల సంఖ్య 50 దాటినా జీసీ మొదలవుతుంది. రెండు పరిమితులూ వేగం కోసం పెట్టినవే. రిపోజిటరీలో అందని ఆబ్జెక్ట్‌లు ఎన్ని ఉన్నాయన్నది వీటిలో ఎక్కడా లెక్కకు రాదు.

నిర్వాహకుడు: సరే, అవి ఎన్నైనా కానీ, అందనివి అందనివే. వాటిని ఎందుకు దాచాలి?

ప్రోగ్రామర్: అందనివని ఎప్పుడు తేల్చారన్నది ముఖ్యమండీ. రిఫ్‌లాగ్ ఉన్నంతకాలం అవి నాకు అందుతాయి. నా యంత్రంలో హెడ్ ఎక్కడెక్కడ తిరిగిందో గిట్ రాసిపెట్టుకుంటుంది. తప్పుగా హార్డ్ రీసెట్ చేసినా ఆ చిట్టాలో పాత కమిట్ సంకేతం దొరుకుతుంది. మామూలు నమోదులు 90 రోజులు, బ్రాంచ్ ప్రస్తుత కొన నుంచి చేరలేని కమిట్‌ల నమోదులు 30 రోజులు ఉంటాయి. స్టాష్‌ను పొరపాటున పడేసినా దాని సంకేతం తెలిస్తే ‘గిట్ స్టాష్ అప్లై’కి ఆ సంకేతాన్నే ఇచ్చి తిరిగి తెచ్చుకోవచ్చు. సంకేతం కూడా పోతే ‘గిట్ ఎఫ్‌ఎస్‌సీకే’ చెప్పే వేలాడే కమిట్‌లలో వెతకొచ్చు. మీ ‘ప్రూన్=నౌ’ ఒక్కసారి నడిస్తే వెతకడానికి ఏమీ మిగలదు.

నిర్వాహకుడు: అది మీ యంత్రంలో. నేను మాట్లాడేది సర్వర్ గురించి. సర్వర్ మీద ఎవరూ రీసెట్ చేయరు, స్టాష్ పెట్టరు.

ఇక్కడ నిర్వాహకుడి మాటలో పస ఉంది కానీ, అది ఆయన అనుకున్న వైపు పోదు. సర్వర్‌లో ఉండేది పని ఫోల్డర్ లేని బేర్ రిపోజిటరీ. ప్రత్యేకంగా చెప్పకపోతే గిట్ అక్కడ రిఫ్‌లాగ్ రాయదు. ఎవరైనా ఫోర్స్ పుష్ చేసి బ్రాంచ్‌ను వెనక్కి తోస్తే, లేదా బ్రాంచ్‌నే తొలగిస్తే, పాత కొన ఎక్కడ ఉండేదో సర్వర్‌కు గుర్తుండదు. అంటే ప్రోగ్రామర్ యంత్రంలో ఉన్న రక్షణ, అది ఎక్కువ అవసరమైన చోటే లేదు. అక్కడ మిగిలేది ఒక్కటే: అందని ఆబ్జెక్ట్‌లను పారేసే ముందు గిట్ ఇచ్చే రెండు వారాల గడువు.

నిర్వాహకుడు: ఆ రెండు వారాలు చాలవా మరి? బ్రాంచ్ పోయిన రోజు నుంచి 14 రోజుల్లో ఎవరో ఒకరు గమనిస్తారు.

ప్రోగ్రామర్: బ్రాంచ్ పోయిన రోజు నుంచి కాదండీ. ఆబ్జెక్ట్ ఉన్న ఫైల్ చివరిసారి మారిన తేదీ నుంచి.

ఈ ఒక్క తేడా తెలియక గడువును నమ్ముకుని దెబ్బతినేవారు ఉంటారు. ఒక ఆబ్జెక్ట్ ఏ క్షణంలో అందనిదైందో గిట్ ఎక్కడా రాసుకోదు. దానికి తెలిసింది ఫైల్ తేదీ ఒక్కటే. ఆబ్జెక్ట్ విడిగా ఉంటే దాని ఫైల్ తేదీ, ప్యాక్‌లో ఉంటే ప్యాక్ తేదీ. నెలల తరబడి కదలని ప్యాక్‌లో ఉన్న పాత బ్రాంచ్‌ను ఈ మధ్యాహ్నం తొలగించి, ఈ రాత్రే సర్వర్‌లో జీసీ నడిస్తే, గడువు ఎప్పుడో తీరిపోయినట్టే లెక్క. ఆ కమిట్‌లు ఈ రాత్రే పోవచ్చు. జీసీ తరచుగా నడిచి ప్యాక్‌ను మళ్లీ మళ్లీ రాసే సర్వర్‌లో ఈ ప్రమాదం తక్కువ, ఎందుకంటే అక్కడ ప్యాక్ తేదీ ఎప్పుడూ తాజాగా ఉంటుంది. అరుదుగా శుభ్రం చేసే సర్వర్‌లోనే మొదటి శుభ్రత ప్రమాదకరం కావడం వింతే.

నిర్వాహకుడు: అయితే గడువుకు అర్థమే లేదన్నమాట. ఇప్పుడే పారేస్తే తేడా ఏముంది?

ప్రోగ్రామర్: గడువు పెట్టింది మనం పోగొట్టుకున్నవి వెతుక్కోవడానికి మాత్రమే కాదు. అదే సమయంలో ఇంకొకరు రాస్తుంటారు, వాళ్ల కోసం.

గిట్‌లో పుష్ జరిగేటప్పుడు, కమిట్ చేసేటప్పుడు ఆబ్జెక్ట్‌లు ముందు రాస్తారు, బ్రాంచ్ గుర్తు చివర కదులుతుంది. ఈ రెండింటి మధ్య కొత్త ఆబ్జెక్ట్‌లన్నీ సాంకేతికంగా అందనివే. అప్పుడే జీసీ ‘ఇప్పుడే’ అన్న గడువుతో నడిస్తే, పుట్టిన ఆబ్జెక్ట్‌ను గుర్తు పెట్టకముందే చెరిపేస్తుంది. ఇంకో చిక్కు ఇంతకంటే సన్ననిది. రాయబోయే ఆబ్జెక్ట్ ఇప్పటికే ఉంటే గిట్ మళ్లీ రాయదు, దాని తేదీని తాజా చేసి ఊరుకుంటుంది. అందనిదిగా పడి ఉన్న ఒక పాత బ్లాబ్‌ను, అదే విషయమున్న కొత్త కమిట్ వాడుకోబోతుండగా, జీసీ ముందే చేసుకున్న జాబితా ప్రకారం దాన్ని తీసేస్తే, లేని ఆబ్జెక్ట్‌ను చూపే కమిట్ మిగులుతుంది. రిపోజిటరీ చెడిపోయినట్టే. తేదీలను తాజా చేయడం, ఇటీవలి ఆబ్జెక్ట్‌లు పట్టుకుని ఉన్నవాటినీ ఉంచడం వంటి జాగ్రత్తలు ఈ ప్రమాదాన్ని చాలా తగ్గిస్తాయి. పూర్తిగా తీసేయలేవని గిట్ అధికారిక పత్రాలే ఒప్పుకుంటాయి. ‘ప్రూన్=నౌ’ మాత్రం ఈ జాగ్రత్తలన్నింటినీ ఒక్కసారిగా పక్కన పెట్టేస్తుంది. ఎవరూ రాయడం లేదని ఖాయంగా తెలిసిన రిపోజిటరీలో తప్ప దాన్ని వాడకూడదు. పదిమంది పుష్ చేసే సర్వర్‌ను అలాంటిదని ఎవరూ అనలేరు.

నిర్వాహకుడు వెంటనే తన పాత అనుభవాన్ని ముందుకు తెస్తాడు. గడువును నమ్మి మామూలు జీసీ నడిపితే డిస్క్ తగ్గకపోగా పెరిగిన రోజులు ఆయనకు గుర్తున్నాయి.

నిర్వాహకుడు: జీసీ నడవకముందు కంటే నడిచాక ఎక్కువ చోటు తీసుకుంది. మళ్లీ మర్నాడు అదే హెచ్చరిక. అందని విడి ఆబ్జెక్ట్‌లు మరీ ఎక్కువయ్యాయి, ప్రూన్ చేయండి అని. మీరేమో వద్దంటారు.

ఇది నిజమైన ఫిర్యాదు. చాలా ఏళ్లపాటు గిట్ తీరే అలా ఉండేది. ప్యాక్‌లో ఉన్న ఆబ్జెక్ట్‌లు అందనివైతే, వాటి గడువు తీరేదాకా విడి ఫైళ్లుగా విప్పి బయట పెట్టేది. ప్యాక్‌లో తేడాలుగా దాగినవి విప్పాక పూర్తి బరువుతో బయటపడేవి. ఒక్కో ఆబ్జెక్ట్‌కూ ఒక్కో ఫైల్ కాబట్టి డిస్క్‌లో చోటు ఉన్నా ఐనోడ్‌లు అయిపోయేవి. విడి ఫైళ్లు 6,700 దాటాయి కాబట్టి తర్వాతి ఆటో జీసీ మళ్లీ మొదలయ్యేది, గడువు తీరలేదు కాబట్టి ఏమీ తగ్గించలేకపోయేది. చివరకు ఆ హెచ్చరికను ‘జీసీ.లాగ్’లో రాసి, ఒక రోజుపాటు మళ్లీ ప్రయత్నించకుండా ఆగేది. విసిగిన నిర్వాహకులు ‘ప్రూన్=నౌ’కు అలవాటుపడటానికి ఈ లోపమే పెద్ద కారణం. తప్పు వాళ్లది మాత్రమే కాదు.

2022 జూన్‌లో వచ్చిన గిట్ 2.37 దీనికి మందు తెచ్చింది. గిట్‌హబ్‌లో పనిచేస్తున్న టేలర్ బ్లా రాసిన ‘క్రఫ్ట్ ప్యాక్’ పద్ధతిలో, అందని ఆబ్జెక్ట్‌లను విప్పి పరవడానికి బదులు వాటినన్నిటినీ వేరే ప్యాక్‌గా కట్టి ఉంచుతారు. ఒక్కో ఆబ్జెక్ట్ తేదీ ఆ ప్యాక్ పక్కనే ‘.ఎంటైమ్స్’ అనే చిన్న ఫైల్‌లో ఉంటుంది. గడువు లెక్క ఆబ్జెక్ట్‌వారీగానే సాగుతుంది కానీ లక్ష ఫైళ్లు పుట్టవు. 2023 జూన్‌లో వచ్చిన 2.41 నుంచి జీసీ మామూలుగా చేసేదే ఇది. సర్వర్‌లో అంతకంటే పాత గిట్ ఉంటే ఈ గొడవలో మొదట చేయాల్సింది దాన్ని మార్చడమే. అప్పుడు నిర్వాహకుడి వాదనలో చోటు గురించిన భాగం చాలావరకు కరిగిపోతుంది.

ప్రోగ్రామర్: ఇంకొకటి కూడా చూసుకోండి. మన బిల్డ్ యంత్రంలో క్లోన్‌లు ‘--రిఫరెన్స్’తో తీస్తున్నారు. అంటే ఆ క్లోన్‌లు ఆబ్జెక్ట్‌లను తమలో పెట్టుకోవు, మీ రిపోజిటరీలోంచి అరువు తెచ్చుకుంటాయి.

నిర్వాహకుడు: అవును. చోటు ఆదా అవుతుందనే అలా పెట్టాం.

ప్రోగ్రామర్: మీ దగ్గర అందనిదని మీరు పారేసింది, వాటి బ్రాంచ్‌లకు అవసరమై ఉండొచ్చు. అరువిచ్చిన రిపోజిటరీకి ఎవరు అరువు తీసుకున్నారో తెలియదు.

అరువు తీసుకున్న రిపోజిటరీలో ‘ఆల్టర్నేట్స్’ అనే ఫైల్ ఉంటుంది, అందులో మూలం దారి రాసి ఉంటుంది. మూలంలో మాత్రం తిరుగు చిరునామా ఏదీ ఉండదు. అందువల్ల ‘--షేర్డ్’, ‘--రిఫరెన్స్’ క్లోన్‌లున్నంతకాలం మూలంలో ప్రూన్ చేయడం ఇతరుల పునాది తవ్వడమే. క్లోన్ చేసేటప్పుడే ‘--డిసోసియేట్’ ఇస్తే ఆబ్జెక్ట్‌లను సొంతంగా తెచ్చుకుని ఆ బంధం తెంపుకోవచ్చు.

దీనికి జవాబు దొరక్క నిర్వాహకుడు సబ్‌వర్షన్ రోజులను తలుచుకుంటాడు. అక్కడ రివిజన్‌గా చేరినది పోదు. పారేయడానికి మామూలుగా ఉండేవి మధ్యలో ఆగిపోయిన లావాదేవీలే. ‘ఎస్‌వీఎన్‌అడ్మిన్ ఎల్‌ఎస్‌టీఎక్స్‌ఎన్‌ఎస్’తో వాటిని చూసి ‘ఆర్‌ఎమ్‌టీఎక్స్‌ఎన్‌ఎస్’తో తీసేస్తే పని అయిపోయేది. పాత ఫైల్‌ను చరిత్ర నుంచే తీయాలంటే మొత్తాన్ని డంప్ చేసి, వడగట్టి, కొత్త రిపోజిటరీలోకి ఎక్కించాలి. చరిత్రను తేలిగ్గా తిరగరాయనివ్వని చోట అందనిదంటూ పెద్దగా పోగవదు. గిట్ ఇచ్చే స్వేచ్ఛకు అంటుకుని వచ్చేదే ఈ చెత్త.

నిర్వాహకుడు: చరిత్ర ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. రెండేళ్ల కిందట ఎవరో 500 ఎంబీ వీడియో కమిట్ చేసి, తర్వాతి కమిట్‌లో తీసేశారు. నేను ఎన్నిసార్లు జీసీ చేసినా అది తగ్గలేదు. ‘--అగ్రెసివ్’ పెట్టినా తగ్గలేదు.

ప్రోగ్రామర్: అది తగ్గదండీ. మెయిన్ బ్రాంచ్ చరిత్రలో ఉంది, అందుతోంది. జీసీ దృష్టిలో అది చెత్త కాదు.

‘అగ్రెసివ్’ అన్న మాట చూసి ఎక్కువ పారేస్తుందనుకోవడం మామూలు పొరపాటు. అది పారేసేదాని విషయంలో ఏ తేడా చేయదు. పాత తేడాల లెక్కలన్నీ పక్కనబెట్టి, మామూలుగా 10 ఆబ్జెక్ట్‌లతో పోల్చే చోట 250తో పోల్చి, మళ్లీ మొదటినుంచి కుదిస్తుంది. పెద్ద రిపోజిటరీలో గంటలు పడుతుంది. పాత పద్ధతుల నుంచి దిగుమతి చేసిన రిపోజిటరీకి ఒకసారి ఉపయోగమే కానీ, వారంవారం నడపడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

వీడియో పోవాలంటే చరిత్ర తిరగరాయాలి. గిట్‌తో వచ్చే ‘ఫిల్టర్-బ్రాంచ్’ వాడొద్దని దాని పత్రమే హెచ్చరించి, ఎలైజా న్యూరెన్ రాసిన ‘గిట్ ఫిల్టర్-రెపో’ను సూచిస్తుంది. ఇది తాజా క్లోన్‌లో తప్ప బలవంతపెడితే గానీ నడవదు. పని అయ్యాక రిఫ్‌లాగ్‌ను తానే తుడిచి, వెంటనే ప్రూన్ చేస్తుంది. ఎవరూ రాయని ప్రత్యేక క్లోన్ కాబట్టి అక్కడ ‘నౌ’ సబబు. ఆ వీడియో కమిట్ తర్వాతి కమిట్‌లన్నింటి సంకేతాలూ మారిపోతాయి, సంతకాలుంటే చెల్లవు. అందరూ కొత్తగా క్లోన్ చేసుకోవాలి. పాత క్లోన్ ఉన్న ఒక్కరు అలవాటుగా మెర్జ్ చేసి పుష్ చేసినా పాత చరిత్ర, దాంతోపాటు వీడియో తిరిగి వచ్చేస్తాయి. మళ్లీ ఇలాంటిది చేరకుండా పెద్ద ఫైళ్లను గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్‌కు పంపడమో, సర్వర్ హుక్‌తో అడ్డుకోవడమో తేలిక. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ను పుష్ దగ్గరే నిలిపేస్తుంది.

నిర్వాహకుడు: మరి రహస్య కీ ఒకటి పొరపాటున కమిట్ అయితే? అప్పుడైనా ఇప్పుడే పారేయాలని ఒప్పుకుంటారా?

ప్రోగ్రామర్: ముందు ఆ కీ రద్దు చేయాలంటాను. తర్వాతే శుభ్రత.

ఈ విషయంలో ఇద్దరూ ఒక అడుగు దగ్గరవుతారు కానీ కారణాలు వేరు. ఒకసారి పుష్ అయిన కమిట్ ఎవరి క్లోన్‌లో ఉందో తెలియదు. గిట్‌హబ్ వంటి సేవల్లో పుల్ రిక్వెస్ట్‌లకు ‘రెఫ్స్/పుల్’ కింద వేరే గుర్తులు ఉంటాయి, బ్రాంచ్ తీసేసినా అవి ఆ కమిట్‌ను పట్టుకునే ఉంటాయి. వాటిని వాడుకరి తొలగించలేడు, సేవ నిర్వాహకులను అడగాలి. ఫోర్క్‌లు ఒకే ఆబ్జెక్ట్ నిల్వను పంచుకుంటాయి కాబట్టి మూలంలో కనబడనిది సంకేతం తెలిస్తే తెరుచుకోవచ్చు. పారేయడం రహస్యాన్ని కాపాడదు. రద్దైన కీ చరిత్రలో పడి ఉన్నా నష్టం లేదు. ఇంతకీ కీ విషయంలో తొందర చేయాల్సింది గిట్‌లో కాదు, ఆ కీ ఇచ్చిన చోట.

ఇక మిగిలింది సర్వర్ రోజువారీ ఏర్పాటు. 2020 అక్టోబర్‌లో వచ్చిన గిట్ 2.29లోని ‘గిట్ మెయింటెనెన్స్’ ఇక్కడ దారి చూపుతుంది. ‘గిట్ మెయింటెనెన్స్ స్టార్ట్’తో మొదలయ్యే ఏర్పాటు, మొదట వచ్చిన రూపంలో, గంటకోసారి కమిట్-గ్రాఫ్‌ను తాజా చేస్తుంది, రోజుకోసారి విడి ఆబ్జెక్ట్‌లను ప్యాక్‌గా కడుతుంది, చిన్న ప్యాక్‌లను కలుపుతుంది. పూర్తి జీసీ అందులో ఆపి ఉంటుంది. కట్టడాన్ని పారేయడం నుంచి విడదీయాలన్న ప్రోగ్రామర్ వాదనకు గిట్‌లోనే దొరికిన ఆచరణ ఇది.

నిర్వాహకుడు: కట్టడం రోజూ నడవనివ్వండి, ఒప్పుకుంటాను. పారేయడం నెలకోసారి, క్రఫ్ట్ ప్యాక్‌లతో, రెండు వారాల గడువుతో.

ప్రోగ్రామర్: గడువు 90 రోజులు పెట్టండి. దానికి ముందు ‘కోర్.లాగ్‌ఆల్‌రెఫ్‌అప్‌డేట్స్’ తెరిచి సర్వర్‌లో రిఫ్‌లాగ్ రాయించండి. మెయిన్ మీద ఫోర్స్ పుష్, తొలగింపు రెండూ ఆపండి - ‘రిసీవ్.డినైనాన్‌ఫాస్ట్‌ఫార్వర్డ్స్’, ‘రిసీవ్.డినైడిలీట్స్’.

నిర్వాహకుడు: ఆ రెండూ రిపోజిటరీ మొత్తానికీ వర్తిస్తాయి. మీ సొంత బ్రాంచ్‌లను రీబేస్ చేసి పుష్ చేయలేరు. ఒక్క మెయిన్‌కే అయితే హుక్ రాయాలి. రాస్తాను. రిఫ్‌లాగ్ కూడా పెడతాను. కానీ రిఫ్‌లాగ్ ఉన్నాక 90 రోజుల గడువు ఎందుకు? బ్రాంచ్‌ను వెనక్కి తోసినా పాత కొన 30 రోజులు దాని నమోదుతోనే నిలుస్తుంది.

ప్రోగ్రామర్: బ్రాంచ్‌ను తొలగిస్తే దాని రిఫ్‌లాగ్ కూడా దాంతోనే పోతుంది కాబట్టి.

నిర్వాహకుడు రెండు వారాల దగ్గర, ప్రోగ్రామర్ 90 రోజుల దగ్గర నిలుస్తారు. అంకె తేలేదాకా మొదటి తొలగింపుకు ముందు ‘గిట్ ఎఫ్‌ఎస్‌సీకే --అన్‌రీచబుల్’ నడిపి జాబితా తీయాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ అభ్యంతరం లేదు. అందులో బ్లాబ్‌లు, ట్రీలు మాత్రమే ఉంటే నిర్వాహకుడు ముందుకు వెళ్తాడు. కమిట్‌లు కనిపిస్తే వాటి రచయితల పేర్లు తీసి, వాళ్లకు చూపించాకే ప్రూన్ నడుస్తుంది.